మా ఇంటికి కేరాఫ్ అడ్రస్

మా నాన్న రాత్రి పడుకోబోయే ముందు మూడు పనులు చేస్తారు. గేటుకు తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తారు. గ్యాస్ బండ దగ్గరికెళ్లి రెగ్యులేటర్ కట్టేస్తారు. ఆ తర్వాత ఇల్లంతా ఒక చుట్టు తిరిగి ఎక్కడ ఎర్రదీపం వెలుగుతుంటే అక్కడ స్విచ్ టప్పున ఆపేస్తారు, అది టీవీ అయినా ఛార్జరైనా ఒకటే. "పని చేయని దానికి కరెంటెందుకురా" అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్లు తపాలా శాఖలో చేసి పోస్ట్‌మాస్టరుగా రిటైరైన మనిషి, ఇల్లు కూడా సాయంత్రానికి లెక్క చూసి మూసేయాల్సిన ఆఫీసే ఆయనకు.

ఇంటి నుంచి పని అని నేను హైదరాబాద్ వదిలి తెనాలి వచ్చాక మొదట కేబుల్ ఇంటర్నెట్టే ఉండేది. మా వీధిలో కాలవ పని కోసం ఎవరు గునపం దించినా ముందు తెగేది అదే. మిగిలింది ఏదైనా ఉంటే కోతులు చూసుకునేవి. అందుకని డాబా మీద డబ్బా బిగించి గాల్లోంచి 5జీ పట్టి ఇంట్లోకి ఇచ్చే వైర్‌లెస్ కనెక్షన్ తీసుకున్నాను. స్పీడ్ బ్రహ్మాండం. మొదటి రోజు నాలుగుసార్లు కొలిచి స్నేహితులకు ఫోటోలు కూడా పంపాను, ఎవరూ అడగకపోయినా.

రెండో రోజు పొద్దున్నే గొడవ మొదలైంది.

మేం పనిచేసే క్లయింటుకు ఒక పాత సర్వరుంది. దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది, అందులో ఉన్న ఐపీ అడ్రస్‌ల (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబర్లు) నుంచి వస్తేనే లోపలికి రానిస్తుంది. నా అడ్రస్ నిన్న జాబితాలో ఎక్కించారు. ఇవాళ చూస్తే నా అడ్రస్ వేరే. ఆఫీసులో నెట్‌వర్క్ చూసే కుర్రాడికి ఫోన్ చేశాను. "ఏముందన్నా, కొత్తది పంపండి, ఎక్కిస్తా" అన్నాడు. మర్నాడు మళ్లీ చేశాను. "మళ్లీ మారిందా అన్నా?" అన్నాడు. మూడో రోజు "అన్నా..." అని ఊరుకున్నాడు. నాలుగో రోజు నుంచి ఫోన్లు వద్దు, టికెట్, అంటే ఆఫీసు సిస్టంలో రాతపూర్వకంగా అర్జీ పెట్టమన్నాడు. టికెట్ పెడితే మేనేజర్ ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకుంటే క్లయింటుకు మెయిల్ వెళ్లాలి, వాళ్లు నిద్ర లేచి జాబితాలో ఎక్కించేసరికి ఇక్కడ సాయంత్రమవుతుంది, నేను గబగబా రెండు గంటలు పనిచేసుకునేలోపు తొమ్మిదిన్నరకు మా నాన్న చెప్పుల చప్పుడు వినిపిస్తుంది.

టప్.

దొంగ దొరికాడనుకున్నాను. డబ్బా ఆగి మళ్లీ వెలిగినప్పుడల్లా కొత్త అడ్రస్ వస్తోంది, ఆపుతున్నది నాన్న. సాక్ష్యాలతో సహా కేసు పెట్టాను. "కరెంటు ఎంత కాలుతుందిరా అది?" అన్నారు. "నైట్ బల్బంత" అన్నాను. "మరి నైట్ బల్బు కూడా ఆపేస్తున్నానుగా" అన్నారు, అందులో తప్పేమిటో అర్థం కానట్టు. చివరికి నేనే స్విచ్ మీద నాలుగు వరసలు తెల్ల టేపు చుట్టి, దాని మీద పెన్నుతో 'ముట్టరాదు' అని రాశాను. అమ్మ చూసి, "పచ్చడి జాడీ మీద కూడా ఇలాగే రాయరా" అంది.

ఆ రాత్రి నాన్న స్విచ్ దగ్గరికొచ్చి, టేపు చదివి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయారు. ఇరవై నాలుగు గంటలు గడిచాయి. అదే అడ్రస్. రెండో రోజూ అదే. గెలిచాననుకుని మూడో రోజు సాయంత్రం క్లయింటుకు డెమో చూపిస్తున్నాను. సరిగ్గా నడుమ, కరెంటు ఉంది, డబ్బా వెలుగుతోంది, టేపు చెక్కుచెదరలేదు, అడ్రస్ మాత్రం మారిపోయింది. తెర మీద 'ప్రవేశం లేదు' అని వచ్చింది. అవతల ఏడుగురు నా మొహం చూస్తున్నారు. వెనకాల మా నాన్న పేపరు మడిచి, కళ్లజోడు పైకి తోసి, "ఇప్పుడెవరు ఆపార్రా?" అన్నారు. మైకు ఆన్‌లోనే ఉంది. క్లయింటుకు తెలుగు రాదు కానీ ఆ గొంతులోని సంతోషం ఏ భాషవాడికైనా తెలుస్తుంది.

ఆ రాత్రి ఆయనకు విషయం చెప్పక తప్పలేదు. నిజానికి నేనూ అప్పుడే చదివి తెలుసుకున్నాను. డబ్బా సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే దానికిచ్చిన అడ్రస్ 100.తో మొదలవుతోంది, బయటి ప్రపంచానికి కనిపించేదేమో పూర్తిగా వేరే. అంటే మాకంటూ సొంత అడ్రస్ లేనే లేదు. కంపెనీవాళ్లు ఎన్నో ఇళ్లను కలిపి ఒకే అడ్రస్ వెనక పెడతారు, వాళ్ల వైపు ఎప్పుడు వీలైతే అప్పుడు వేరేదాని వెనక్కి జరుపుతారు. ఇదంతా ఎలా చెప్పాలా అని నేను కాగితం మీద బాణాలు గీస్తుంటే నాన్న అర నిమిషంలో తేల్చేశారు.

"కేరాఫ్ అన్నమాట."

నేను ఆగిపోయాను. అంతే కదా.

"హాస్టల్ వార్డెన్ కేరాఫ్ అడ్రస్ మీద వంద మంది పిల్లలుంటారు. వీళ్లు రాసిన ఉత్తరాలు బయటికి పోతాయి, జవాబులు వార్డెన్ దగ్గరికొస్తాయి, వాడు గుర్తుపెట్టుకుని పంచుతాడు. కానీ వీళ్లు రాయకుండా కొత్తవాడెవడో నేరుగా ఉత్తరం వేశాడనుకో, ఎవరికివ్వాలో వార్డెన్‌కి తెలీదు."

టెక్సాస్‌లో ఉన్న బావ మా గేటు దగ్గర కెమెరాలోకి ఎందుకు రాలేకపోతున్నాడో నెల రోజులుగా నాకు తెలియలేదు. ఇదీ కారణం. పన్నెండేళ్ల నా సాఫ్ట్‌వేర్ అనుభవం అక్కడే కాఫీ కప్పు పక్కన పెట్టేశాను.

"అయినా ఒక్కో ఇంటికి ఒక్కో నంబరు ఇవ్వడానికి వాళ్లకేం రోగం?" అన్నారు.

ఈ ఐపీ నంబర్లలో పాత రకానివి మొత్తం కలిపితే 429 కోట్లేననీ, అందరికీ పంచడానికి పెట్టుకున్న నిల్వ 2011 ఫిబ్రవరి 3తో ఖాళీ అయిందనీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆరంకెలు. ఆరే! దేశం మొత్తానికి ఈనాటికీ సరిపోతున్నాయి. మీకు 429 కోట్లిస్తే చాల్లేదూ?" అని, మా 522201ని తానే కేటాయించినంత గర్వంగా కుర్చీలో వెనక్కి వాలారు. కొత్త రకం నంబర్లున్నాయి, అవి ఎంత వాడినా తరగవు, కానీ మా క్లయింటు పాత సర్వరుకు అవి తెలియవు అన్నాను. "ఊళ్లో పిన్‌కోడ్ రాయనివాళ్లు మొన్నటిదాకా ఉన్నార్లే" అని క్షమించేశారు.

కేరాఫ్ కాపురంలో ఇంకో ఇబ్బంది, తోటివాళ్లు చేసిన పాపం కూడా మనకే చుట్టుకుంటుంది. మాతో ఒకే అడ్రస్ పంచుకున్న మహానుభావుడెవడు ఏం చేశాడో గానీ, ఏ సైటు తెరిచినా నువ్వు మనిషివేనా అని అడగడం మొదలైంది. ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టు, మెట్లు గుర్తుపట్టు. నాన్న కరెంటు బిల్లు కట్టడానికి కూర్చుని, "సైకిలు చక్రం అంచు పక్క గడిలోకి కాస్త వచ్చిందిరా, అది కూడా నొక్కాలా?" అని పిలిచేవారు. ఒకసారి రోడ్డు పక్కన ఎర్ర కుళాయి లాంటిదేదో గుర్తుపట్టమంటే, "మన తెనాల్లో లేనిదానికి నన్నెందుకడుగుతుంది" అని మూసేశారు. ఆ నెల బిల్లు ఆఫీసుకెళ్లి వరసలో నిలబడి కట్టొచ్చారు. ఆ కేరాఫ్ అడ్రస్‌ను బట్టి ఇంటర్నెట్ లెక్కలో మేమంతా చెన్నైలో ఉంటున్నాం కాబట్టి అమ్మకు తమిళంలో నగల ప్రకటనలు వచ్చేవి, ఆవిడ వాటి మీద ఏ ఫిర్యాదూ చేయలేదు.

అసలు తంటా మాత్రం ఆఫీసులో బయటపడింది. సెక్యూరిటీ చూసే ఒకావిడ జాబితా తీసి చూసి, నా పేరు మీద పదిహేడు అడ్రస్‌లు ఎందుకున్నాయని అడిగింది. అవన్నీ కేరాఫ్‌వేననీ, అంటే నాతోపాటు ముక్కూమొహం తెలియని కొన్ని వందల ఇళ్లకు కూడా ఆ గేటు తెరిచి పెట్టామనీ ఆవిడే కనిపెట్టింది. పదిహేడూ ఒక్క దెబ్బతో కొట్టేశారు. నెట్‌వర్క్ కుర్రాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సొంత అడ్రస్ ఇమ్మని ఇంటర్నెట్‌వాళ్లనడిగితే ఇళ్లకైతే ఇవ్వం అన్నారు. చివరికి ముంబైలో ఎక్కడో ఒక చిన్న సర్వరు నెలకు అయిదొందల లోపు అద్దెకు తీసుకున్నాను. దానికి మారని అడ్రస్ ఉంటుంది. నా పనంతా ఇక్కణ్ణించి సొరంగం వేసినట్టు అక్కడికి పోయి, అక్కణ్ణించి క్లయింటు దగ్గరికి పోతుంది. "పోస్టు బాక్సు తీసుకున్నావన్నమాట" అన్నారు నాన్న. అవును, అదే. అక్కడితో ఆగితే బాగుండేది. అతి తెలివితో లాప్‌టాప్ ఒక్కదానికే కాకుండా ఇల్లంతటికీ ఆ సొరంగం పెట్టాను.

జూన్ రెండో వారం. రోళ్లు పగిలే ఎండ. అమ్మ డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. నేను కాల్‌లో ఉండగా మెట్ల మీద దడదడమని చప్పుడు. వెళ్లి చూస్తే అమ్మ, నాన్న చెరో అంచు పట్టుకుని చీరతో సహా పచ్చి వడియాలు కిందికి మోసుకొస్తున్నారు, సగం ముద్దైపోయాయి. ఏమైందంటే, టీవీలో వాతావరణం పెట్టెలో ఇంకో పావుగంటలో భారీ వర్షమని వచ్చిందట. పైన చూస్తే ఒక్క మబ్బు లేదు. ఆ వర్షం ముంబైది.

ఆ సాయంత్రమే సొరంగాన్ని లాప్‌టాప్ ఒక్కదానికి కుదించాను. స్విచ్ మీది టేపు కూడా నేనే పీకేశాను, ఇక డబ్బా ఎన్నిసార్లు ఆగి వెలిగినా నాకు బాధ లేదు. తొమ్మిదిన్నరకు చెప్పుల చప్పుడైంది. నాన్న స్విచ్ మీద వేలు పెట్టి, చాలా మర్యాదగా, "ఏరా, ఆపేయొచ్చా?" అని అడిగారు.

"నిరభ్యంతరంగా ఆపేయండి నాన్నా" అన్నాను.

టప్.

పదింటికి నాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.