చెవి లేని ‘ఒరిజినల్’కి ముప్ఫై ఎనిమిది వేలా?

ఇప్పుడే ఒక అమ్మకం పోస్టు చూశాను. ఒళ్లు మండిపోతోంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్ ఆల్బమ్ ‘ది సైడ్‌వైండర్’, బ్లూ నోట్ కంపెనీ ఎల్పీ ప్లేటు, స్టీరియో. “1964 ఒరిజినల్ ఫస్ట్ ప్రెస్సింగ్, చాలా రేర్, 38,000, బేరాల్లేవు” అట. ఫొటో పెద్దది చేసి చూద్దును కదా, లేబుల్ అంచున ‘ఎ డివిజన్ ఆఫ్ లిబర్టీ రికార్డ్స్’ అని శుభ్రంగా చదవొస్తోంది. బాబూ, బ్లూ నోట్‌ని కొన్న లిబర్టీ కంపెనీ పేరు దాని లేబుల్ మీదికి ఎక్కిందే 1966లో. 1964 ప్లేటు మీద ఆ పేరెలా వచ్చింది? పెళ్లి శుభలేఖలో మనవడి పేరు అచ్చేసినట్టుంది.

మర్యాదగానే అడిగాను, “రనవుట్‌లో చెవి ఉందా అండీ?” అని. “వినడానికి మీ చెవి ఉంటే చాలు సార్” అని జవాబు, పక్కన నవ్వుతున్న బొమ్మ. కింద పదిమంది లైకులు.

సరే, నవ్వుకోండి. పాట గాడి అయిపోయాక, లేబుల్ మొదలయ్యేలోపు నున్నటి నల్ల భాగం ఉంటుంది కదా, అదే రనవుట్, అందులో చూడాలి. 1966 దాకా బ్లూ నోట్ ప్లేట్లు నొక్కింది న్యూజెర్సీలోని ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ. వాళ్ల గుర్తు గొలుసుకట్టు ‘పి’ అక్షరం. చూడ్డానికి చెవిలా ఉంటుంది, అందుకే ఆ పేరు. ఎక్కడో ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే కనబడదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చి పక్కవాటుగా వేసి, ప్లేటు మెల్లగా తిప్పితే తేలుతుంది.

ఈ మహానుభావుడు దానికి బదులు ‘వాన్ గెల్డర్’ ముద్ర ఫొటో పెట్టి “ఇదిగో సాక్ష్యం” అంటున్నాడు. అది రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ లాకర్ (పాట గాడిని మొట్టమొదట చెక్కే మెత్తటి పూత డిస్కు) కోసినప్పుడు వేసిన ముద్ర. ఆ లాకర్ నుంచి తీసిన లోహపు అచ్చులు లిబర్టీ చేతికీ వెళ్లాయి, వాళ్లు ఆ తర్వాత నొక్కిన ప్లేట్ల మీదా అదే ముద్ర దిగింది. కోసిందెవరో అది చెబుతుంది, నొక్కిందెప్పుడో చెప్పదు. తిరకాసు ఇంకోటుంది. లిబర్టీ వాళ్లు మిగిలిపోయిన ‘న్యూయార్క్ యుఎస్‌ఎ’ లేబుళ్లు పారేయకుండా వాడేశారు. అంటే లేబుల్ పాతది, ప్లేటు కొత్తది, చెవి ఉండదు. అట్టలదీ అదే కథ, పాత అట్టలో కొత్త ప్లేటు పెట్టి అమ్మారు. అందుకే లేబుల్, చెవి, ముద్ర మూడూ కలిపి చూడాలి. అట్ట మీది అడ్రసు ఒక్కటీ చూసి డబ్బు పంపేవాడికి ఏం చెప్పినా దండగే.

లిబర్టీ ప్లేటు చెడ్డదని నేననడం లేదు. వాన్ గెల్డర్ అచ్చు నుంచి వచ్చినదైతే హాయిగా వినొచ్చు. దాని ధర దానికి ఉంది. లేని పుట్టినతేదీ తగిలించి అమ్మడం దేనికి?

ఇంకా ‘మింట్ కండిషన్’ అట. అద్దంలా మెరుస్తోంది మరి. నూనె గుడ్డతో తుడిస్తే ఏ ప్లేటైనా మెరుస్తుంది. ఆ నూనె గాడిలో కూర్చుని దుమ్మంతా పట్టేస్తుంది. అసలు అరుగుదల కంటికి కనబడదు. ఆ రోజుల్లో బరువైన టోనార్మ్‌లు, అరిగిన ముళ్లు గాడి గోడల్ని చెక్కేశాయి. ట్రంపెట్ పైస్థాయికి వెళ్లినప్పుడు, ముఖ్యంగా లేబుల్ దగ్గరి చివరి పాటలో, బర్రుమంటుంది. వినిపించకుండా ‘మింట్’ అనేవాణ్ని నమ్మకండి. కడగడానికి డిస్టిల్డ్ వాటర్, అందులో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తడి బాగా పట్టడానికి ఒక్క చుక్క సర్ఫాక్టెంట్ చాలు. గాడి వెంట తుడవాలి, లేబుల్ తడవకూడదు. అన్నట్టు, ఇది చదివి అటక మీది తాతగారి 78 ప్లేట్ల మీద ప్రయోగం చేసేరు. అవి లక్క ప్లేట్లు. ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది, పాటతో సహా.

అయినా వీణ్ని అని ఏం లాభం? ఇలాంటివాళ్లకి అంగడి పెట్టించింది కంపెనీలే. ఆల్బమ్ ఎప్పుడు వెళ్లినా మామూలు ధరకి షాపులో దొరికితే ఈ 38,000 బోర్డు ఎవడు చూస్తాడు? దొరకనివ్వరు. ‘లిమిటెడ్ ఎడిషన్’ అంటారు, నంబరేస్తారు, మూడు నిమిషాల్లో అయిపోయిందంటారు, మర్నాడు అదే ప్లేటు మూడింతలకి బయట తేలుతుంది. ఏమన్నా అంటే లాకర్ల కొరత అంటారు. నిజమే, 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ కాలిపోయాక లాకర్లు చేసే పెద్ద కంపెనీ జపాన్‌లో ఒక్కటే మిగిలింది. కానీ ఒక్కో సైడుకి కావలసింది ఒక్క లాకర్! దాని మీద లోహపు పూత పెట్టి ఫాదర్, దాన్నుంచి మదర్, మదర్ నుంచి ప్లేట్లు నొక్కే అచ్చులు, అంటే స్టాంపర్లు, తీస్తారు. ఒక స్టాంపర్ సుమారు వెయ్యి ప్లేట్లకి అరిగిపోతే అదే మదర్ నుంచి ఇంకోటి తీసుకోవడమే. లాకర్ మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మదర్ బీరువాలో పెట్టుకుని ‘లిమిటెడ్’ అంటే, అది కొరత కాదు, ఎత్తుగడ.

ఇంకొందరు, అసలు రికార్డింగ్ ఉన్న టేపు పాతబడిందని సాకు. 1950ల నాటి ఎసిటేట్ టేపు పెళుసెక్కుతుంది, అతుకులు ఊడతాయి, అతికించుకుని నడిపిస్తారు. జిగురు కారి హెడ్డుకి అంటుకునేవీ, సుమారు 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేస్తే గానీ ఆడనివీ ఎక్కువగా 1970లు, 80ల టేపులు. సాకు చెప్పేటప్పుడు దశాబ్దమైనా సరిగ్గా చూసుకోండి. ఇదే బ్లూ నోట్ 2019లో మొదలుపెట్టిన టోన్ పోయెట్ రీఇష్యూ సిరీస్‌కి మాస్టరింగ్ ఇంజనీర్ కెవిన్ గ్రే ఆ పాత టేపుల నుంచే కోస్తున్నాడు కదా.

వీటన్నిటికంటే నాకు పాత కసి యూరప్ నుంచి వచ్చే ‘180 గ్రాముల’ ప్లేట్ల మీద. అక్కడ 2013లో రికార్డింగుల హక్కు 50 ఏళ్ల నుంచి 70కి పెంచినప్పుడు, 1963కి ముందు విడుదలైనవి అప్పటికే గడువు దాటి బయటపడిపోయాయి. అమెరికాలోనేమో 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య విడుదలైనవాటికి 2067 దాకా తాళం. ఇక చూడండి సంబరం, ఎవడు పడితే వాడు నొక్కేస్తున్నాడు. టేపు వాళ్ల దగ్గరుండదు, ఉండే వీలూ లేదు. సీడీ తీసుకుని ప్లేటు మీదికి ఎక్కిస్తారు. బరువు చెబుతారు గానీ కోసిందెవరో, ఏ సోర్సు నుంచో స్టిక్కర్ మీద ఒక్క ముక్క ఉండదు. పైగా బోనస్ ట్రాకులు! సైడుకి నిమిషాలు పెరిగితే గాళ్లు ఇరుకవుతాయి, శబ్దం తగ్గించి కోయాలి, గరగర పైకొస్తుంది. 180 గ్రాముల సీడీ కావాలంటే నేనూ ఇస్తా, వెనక ఇటుక కట్టి.

శాక్సొఫోన్ వాయించిన టీనా బ్రూక్స్ సంగతి తలుచుకుంటే మాత్రం నోట మాట రాదు. 1960లో ‘ట్రూ బ్లూ’ వచ్చింది. బతికుండగా ఆయన పేరు మీద బ్లూ నోట్ విడుదల చేసింది అదొక్కటే. రెండోది ‘బ్యాక్ టు ది ట్రాక్స్’. నంబరు 4052, అట్ట తయారు, రికార్డింగ్ పూర్తి. కానీ ప్లేటు రాలేదు. మిగతావన్నీ బీరువాలోనే. 1974లో ఆయన పోయాడు. ప్రొడ్యూసర్ మైకేల్ కుస్కునా ఆ టేపుల గుట్టల్లోంచి వెతికి తీసి, చార్లీ లూరీతో కలిసి పెట్టిన మొజాయిక్ రికార్డ్స్ కంపెనీ తరఫున 1985లో బాక్స్ సెట్ వేశాడు. అదీ పరిమిత సంఖ్యలోనే, అయిపోయింది. మనిషి పోయి పదకొండేళ్లకి ప్లేటొస్తే, ఆ ప్లేటూ పోయింది.

ఇది టైపు చేస్తూ మళ్లీ ఆ పోస్టు దగ్గరికెళ్లి చూశాను. ‘సోల్డ్’ అని పెట్టాడు. కొన్నాయన కింద రాశాడు: “థాంక్యూ బ్రదర్, 64 ఒరిజినల్ కోసం ఎన్నేళ్లుగానో చూస్తున్నా.”