లవ్ ఫెయిల్యూర్ అంటే గడ్డమేనా?

మా హన్మకొండ పిల్లల స్టేటస్‌లలో ఒక మాట తెగ తిరుగుతోంది: "లవ్ ఫెయిల్యూర్‌ని ఉన్నదున్నట్టు చూపించింది 'అర్జున్ రెడ్డి' ఒక్కటే. నిజంగా ప్రేమించినోడు అట్లనే పాడైపోతాడు. అమ్మాయిలు ఇట్టే మర్చిపోతారు. సుఖాంతమైతే అది ఉత్త సినిమా." తీసిన సందీప్ రెడ్డి వంగా మన వరంగల్ మనిషే. సినిమా నాకూ నచ్చింది. నచ్చనిది ఈ మాటే.

చివరి ముక్క తేలిక, ముందు దాని సంగతి చూద్దాం. 2017లో వచ్చిన ఆ సినిమా సుఖాంతమే. హీరోయిన్ ప్రీతి మళ్లీ కలుస్తుంది, కడుపులో బిడ్డా అర్జున్‌దే. మరి అదీ ఉత్త సినిమానేనా?

అమ్మాయిలు మర్చిపోతారట! ప్రీతి ఎక్కడ మర్చిపోయింది? పెళ్లి చేసింది ఇంట్లోవాళ్లు. ఆ మొగుణ్ని ఆమె కొద్దిరోజులకే వదిలి వచ్చేసింది. అసలు విడదీసింది తండ్రి పట్టింపు. మనోళ్లు గడ్డం గుర్తుపెట్టుకుని ఇది వదిలేశారు.

ఇక పాడైపోవడం. సీసా పట్టిన ప్రేమికుడు 1953లో అక్కినేని 'దేవదాసు' నాటి నుంచే మనకు అలవాటు. దేవదాసు జమీందారు కొడుకు, అర్జున్ సర్జన్. పాడవడానికైనా వెనక కొంత ఉండాలి కదా. నా దోస్తు ఒకడు చౌరస్తా దగ్గర సెల్‌ఫోన్ షాపులో పని చేసేవాడు. వాడు ప్రేమించిన అమ్మాయి పెళ్లినాడు సెలవు దొరకలేదు. ఎవరి ఫోన్‌కో టెంపర్డ్ గ్లాస్ వేస్తుంటే లోపల బుడగ మిగిలింది. కార్డుతో నెట్టాడు, పోలేదు. పీకేసి ఇంకొకటి వేస్తే అదీ వంకరే. రెండు గ్లాసుల పైసలూ జీతంలో పట్టుకున్నారు. తర్వాత చాలా నెలలు ఆ అమ్మాయి వాళ్ల గల్లీ తగలకుండా చుట్టు తిరిగి పోయేవాడు, పెట్రోల్ దండగని తిట్టుకుంటూనే. గడ్డం మాత్రం రోజూ గీసేవాడు. కౌంటర్‌లో నిలబడాలి మరి.

ఉన్నదున్నట్టు అంటే నాకు 'అర్జున్ రెడ్డి' వచ్చిన ఏడాదే వచ్చిన 'ఫిదా' గుర్తొస్తుంది. బాన్సువాడ భానుమతికి పెళ్లంటే ఊరినీ నాన్ననీ వదలడం, అక్కడే గొడవంతా. అబ్బాయే అమెరికా వదిలి రావడం కాస్త తీపెక్కువైంది, ఒప్పుకుంటా. కానీ ఆ పంచాయితీ మా ఇళ్లలో చెవులారా విన్నదే.

'అర్జున్ రెడ్డి'కి ఆ దోస్తూ నేనూ సెకండ్ షోకి పోయాం. మూడు గంటల సినిమా. ఇంటర్వెల్‌కే లేచాడు, పొద్దున షాపు తియ్యాలని.