మా చల్కా నేల సంగతి కూడా చూడండి

పంట ఎదుగుదలను లెక్కగట్టే డీశాట్ వంటి కంప్యూటర్ నమూనాలతో టమాటా నాటే అదను, తడుల లెక్క ముందే అంచనా వేయవచ్చన్న వ్యాసం ఆశ కలిగించింది. మాది నల్లగొండ జిల్లా, బోరు కింద ఎకరం టమాటా. నిరుడు ఫిబ్రవరిలో నాటాను. ఏప్రిల్ ఎండలకు పూతంతా రాలింది. పగలు 35 డిగ్రీలు దాటితే పిందె సరిగా కట్టదని అప్పుడు తెలియదు, తెలిస్తే డిసెంబరులోనే నాటేవాణ్ని.

అయితే ఆ నమూనాకు రోజువారీ ఎండ, వాన, ఉష్ణోగ్రతలే కాదు, నేల పొరల వివరాలూ కావాలి. మా ఎర్ర చల్కాలో జానెడు లోతు దాటితే మొరం, నీరు నిలవదు. పక్క పొలమే నల్లరేగడి! రెండింటికీ ఒకే వివరం ఇస్తే తడుల లెక్క తప్పుతుంది. ఈ లెక్కలు వేసేవారు దయచేసి ఊరి సగటుతో సరిపెట్టకండి, మా పొలం మట్టి తీసి చూడండి.