‘ప్రస్తుతం ప్రదర్శనలో లేదు’ గారికి

మహారాజశ్రీ చీటీ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. అక్కడ మ్యూజియం అద్దాల పెట్టెలో తమరు, ఎక్కడో చీకటి సొరుగులో జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిన పక్షి బొమ్మ క్షేమమని తలుస్తాను.

మొన్న గురువారం తమ దర్శనభాగ్యం కలిగింది. అమ్మాయి ఇంటి నుంచి రెండు రైళ్ళు మారి, వానలో నడిచి, పులిహోర డబ్బా ఉన్న సంచీని లాకర్లో పెట్టి (వేసిన నాణెం తిరిగి రాలేదు, దాని సంగతి ఇంకో లేఖలో) పైకొస్తే, బొమ్మ ఉండాల్సిన చోట తమరు. ఉడుత వెంట్రుకల కుంచెతో ఈకలు ఎలా గీశాడో చూద్దామని భూతద్దం తెచ్చుకున్నాను. దాంతో తమరినే చూశాను. కుడి మూల లేచింది. కింద పాత జిగురు మరక. రెండేళ్ళ క్రితం వచ్చినప్పుడూ తమరే ఉన్నారు. తమ లెక్కలో ‘ప్రస్తుతం’ అంటే ఎన్నేళ్ళండీ?

కారణం తెలుసు లెండి. వెలుతురుకు రంగులు వెలుస్తాయి, వెలుతురు కొలతలో 50 లక్స్ దాటకూడదు, కొన్ని నెలలు చూపిస్తే కొన్నేళ్ళు చీకట్లో పడుకోబెట్టాలి. కాదనను. కానీ ఈ జాగ్రత్తంతా నా వంతుకేనా? జహంగీర్ సంగతి వదిలేయండి, చక్రవర్తి. ఒకే ముఖంలో కన్నూ కనుబొమా ఇంకొకరు వేసినా ఎవరి చెయ్యో చెప్పేస్తానని సొంత చరిత్రలో గొప్పలు రాసుకున్నాడు. డబ్బు పెట్టి వేయించుకున్నాడు, చూసుకున్నాడు. మరి అక్బర్ పదిహేనేళ్ళపాటు వేయించిన బొమ్మల కథల పుస్తకం హంజానామా? 1,400 బొమ్మలకు సుమారు 200 మిగిలాయి. అందులో కొన్ని 1881లో శ్రీనగర్‌లో ఒక కొట్టు కిటికీలకు అడ్డంగా పెట్టి ఉండగా దొరికాయి! బేరానికొచ్చిన ప్రతివాడూ చూసే ఉంటాడు. 1929లో స్కాట్లండ్‌లో ఒకాయన పాత సామాన్ల కొట్లో 100 పౌండ్ల లోపే ఇచ్చి మొఘల్ ఆల్బమ్ ఒకటి ఇంటికి తీసుకెళ్ళాడు. అదే ఏడాది వేలంలో దానికి 10,500 పౌండ్లు వచ్చాయి. కొనేముందు ఆయన పేజీలు తిప్పలేదంటావా? చేతులు కడుక్కున్నాడో లేదో!

కొట్టువాడు చూశాడు, బేరగాడు చూశాడు, ఆఖరికి కిటికీ కూడా చూసింది. నాకు మాత్రం నువ్వు. నిన్ను చూడ్డానికా ఈ మోకాళ్ళతో ఇన్ని మెట్లెక్కింది?

కింద వాళ్ళ దుకాణంలో మాత్రం అదే పక్షి గొడుగు మీద, కప్పు మీద, కళ్ళజోడు తుడిచే గుడ్డ మీద ధగధగా లైట్ల కింద ప్రదర్శనలోనే ఉంది. సిగ్గు లేకుండా రెండోసారి ఫ్రిజ్ మాగ్నెట్ కొన్నాను. పోయినసారి కొన్నది విజయవాడలో మా వంటింట్లో, తూర్పు కిటికీకి ఎదురుగా ఉంది. రెండు ఎండాకాలాలకే ముక్కేదో తోకేదో తెలియకుండా పోయింది.

ఈసారిది బీరువాలో పెడదామనుకుంటున్నాను. ఎవరైనా అడిగితే చూపించడానికి ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటిస్తాను.

ఇట్లు,
పులిహోర డబ్బా ఆవిడ