కరెంటు ఉచితమని గ్యాస్ పొయ్యి తీసేయకండి

బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: "బెంగళూరులో 200 యూనిట్ల కరెంటు ఉచితం. గ్యాస్ మానేసి ఇండక్షన్ స్టవ్ కొనుక్కుంటే వంట ఖర్చు సున్నా. ఉచితం దాటినా గ్యాస్‌లో నాలుగో వంతే. మెస్సులు, పీజీ హాస్టళ్లు కూడా ఇదే చేయాలి, అప్పటిదాకా ఇంటి సిలిండరు వాడుకోవచ్చు. పెట్రోలు తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుంది." పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. లెక్కే మంచిది కాదు.

ముందు ఆ 200 సంగతి. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం ప్రతి ఇంటికీ 200 యూనిట్లు ఇవ్వదు. ఆ ఇంటి మీటరు మీద 2022-23లో నెలకు సగటున ఎంత వాడారో చూసి, దానికి పది శాతం కలిపి, అంతవరకే ఉచితం అంటుంది. బాగా తక్కువ వాడే ఇళ్లకు కొద్దిపాటి సడలింపు ఉంది. 200 అనేది గరిష్ఠ హద్దు మాత్రమే. ఆ ఏడాది వాడకం వివరాలు లేని కొత్త ఇళ్లకు రాష్ట్ర సగటు 53 యూనిట్లను పట్టుకుని 58 ఖాయం చేశారు. మనవాళ్లు చాలామంది అద్దెకుండేది ఇలా కొత్తగా లేచిన భవనాల్లోనే. మన హద్దు దాటినా 200 లోపు ఉంటే అదనపు యూనిట్లకే డబ్బు. 200 దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచీ కట్టాల్సిందే.

సగటు 90 యూనిట్లు ఉన్న ఇంటిని తీసుకుందాం. వాళ్లకు 99 వరకు ఉచితం, ఇన్నాళ్లూ బిల్లు సున్నా. 14.2 కిలోల సిలిండరు చేసే పనిని ఇండక్షన్ మీద చేయాలంటే సుమారు 125 యూనిట్లు కావాలి. నెలకో సిలిండరు అయ్యే ఇల్లయితే వాడకం 215కు చేరుతుంది. 2025-26లో ఇళ్లకు యూనిట్ ధర 5.80 రూపాయలు. సర్‌చార్జి, పన్ను కలిస్తే ఆరున్నర దాటుతుంది. అంటే సున్నా బిల్లు కాస్తా పద్నాలుగు వందల పైమాటే, స్థిర చార్జీ అదనం. 2025 ఏప్రిల్ పెంపుతో ఇక్కడ సిలిండరు ధర 855.50 రూపాయలైంది. మిగిలిందేమిటో మీరే చూసుకోండి.

నాలుగో వంతు అన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆ ధరల ప్రకారం 125 యూనిట్ల ఖరీదు, సిలిండరు ఖరీదు దాదాపు సమానం. ఇండక్షన్‌లో వేడి తక్కువ వృథా అవుతుందన్నది నిజమే, గ్యాస్ పొయ్యిలో మూడో వంతుకు పైగా గాలిలో కలిసిపోతుంది. ఆ తేడాను కరెంటు ధర మింగేస్తుంది. పైగా అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె, మట్టి చట్టి ఇండక్షన్ మీద పనికిరావు. రెండు వేల వాట్ల స్టవ్‌ను మిక్సీ పెట్టే చిన్న సాకెట్‌కు తగిలిస్తే సాకెట్టే కరిగిపోవచ్చు, 16 ఆంపియర్లది ఉండాలి.

సిలిండరు రెండు నెలలొచ్చే చిన్న కుటుంబం మాత్రం 200 లోపే ఉండి కాస్త మిగుల్చుకోవచ్చు. పాత బిల్లు తీసి మీ ఉచిత యూనిట్లు ఎన్నో చూసి, ఖాళీ ఉన్నంత మేరకు పాలు, నీళ్లు, అన్నం ఇండక్షన్ మీద పెట్టుకోండి. ఇల్లు మారితే పాత మీటరు నుంచి ఆధార్ విడిపించి కొత్తదానికి కలుపుకోవడం మరచిపోవద్దు.

ఇక మెస్సులు. గృహజ్యోతి ఇంటి మీటర్లకే, వ్యాపార మీటరుకు ఒక్క యూనిట్ కూడా ఉచితం కాదు. పెద్ద ఇండక్షన్ పొయ్యిలు పెట్టాలంటే మంజూరైన లోడు పెంచుకోవాలి, స్థిర చార్జీ కిలోవాట్ల లెక్కన పెరుగుతుంది. ఇంటి సిలిండరు వాడుకోమన్న సలహా అయితే ప్రమాదకరం. అది 2000 నాటి ఎల్పీజీ పంపిణీ ఉత్తర్వు కింద నేరం, తనిఖీకి వస్తే సిలిండర్లు పట్టుకుపోతారు. మెస్సువాళ్ల అసలు బాధ ఈ సందేశం రాసినవారికి తెలిసినట్టు లేదు. ఇంటి సిలిండరు మీద జీఎస్టీ 5 శాతం, 19 కిలోల వాణిజ్య సిలిండరు మీద 18. మామూలు హోటళ్లు భోజనం మీద 5 శాతం పన్ను వసూలు చేస్తాయి కానీ, గ్యాస్ మీద కట్టిన పన్నును అందులో తగ్గించుకునే వీలు లేదు. ఆ 18 శాతం నేరుగా ప్లేటు మీద పడుతుంది. తెలుగు సంఘాలు ఏదైనా అడగదలిస్తే ఈ పన్ను సంగతే అడగాలి.

వంటగదిలోనూ చేయదగ్గవి ఉన్నాయి. గిన్నెల అడుగున మసి పడుతోందంటే మంట పసుపు రంగులో వస్తోందని, బర్నరు రంధ్రాలు పూడాయని అర్థం. వాటిని శుభ్రం చేయించి, కందిపప్పు ముందుగా నానబెట్టి, గిరాకీ లేని మధ్యాహ్నం మూడింటి వేళ దోసె పెనం కింద మంట ఆర్పితే గ్యాస్ ఆదా అవుతుంది. గొట్టపు గ్యాస్ వచ్చిన వీధిలో ఉంటే ఆ ధర కూడా కనుక్కోవాలి.

తెల్లవారుజాము పెట్రోలు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బంకు ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, పగలూ రాత్రీ వేడి పెద్దగా మారదు. పది డిగ్రీలు మారినా తేడా ఒక్క శాతమే. వేళ కన్నా చోటు ముఖ్యం. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, లీటరుకు మరో నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కర్ణాటకలో 2024 జూన్ పెంపు తర్వాత కూడా వ్యాట్ 29.84 శాతమే. అనంతపురం వెళ్లేవాళ్లు సరిహద్దు దాటకముందే బాగేపల్లి వైపు పోయించుకోవచ్చు, మిట్టమధ్యాహ్నమైనా సరే.