‘ఒంట్లో వేడి బయటికొస్తోంది, ఆపకండి’ అన్న మెసేజ్‌కి నా జవాబు

మార్చి నుంచి మా నిజాంపేట అపార్ట్‌మెంట్ తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. అదే మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. చూడనివాళ్ళ కోసం దాని సారం ఇది:

"పసిపిల్లలకు వచ్చే దద్దుర్లు, ఎర్ర పొక్కులు ఒంట్లో వేడి బయటికి రావడమే. దాన్ని ఆపకూడదు. రోజూ నూనె పట్టించి, సున్నిపిండితో గట్టిగా రుద్ది, కాగిన నీళ్ళతో లాల పొయ్యాలి. సాంబ్రాణి వెయ్యాలి, పౌడర్ బాగా అద్దాలి. తల్లి గుడ్డు, పల్లీలు, వంకాయ, పాలు మానెయ్యాలి. డాక్టర్లు రాసే క్రీముల్లో స్టెరాయిడ్లు ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. సహజమైనదేదీ బిడ్డకు హాని చెయ్యదు."

నేను డాక్టర్ని కాను. మా పాపకు మూడో నెలలో మొదలైన దద్దుర్లతో ఏడెనిమిది నెలలు వేగిన తల్లిని. ఇలాంటి మాటలే నమ్మి మొదటి నెలంతా ఇవన్నీ చేశాను. పాప రాత్రుళ్ళు నిద్రలేక బుగ్గలు రక్కుకునేది. పిల్లల డాక్టరు, చర్మం డాక్టరు చెప్పినవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి, ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"ఒంట్లో వేడి బయటికి రావడమే" అన్నది అన్నిటికీ మూలం కాబట్టి ముందు దాని సంగతి. ఎండల్లో పిల్లల ఒళ్ళు పేలుతుందని మన పెద్దవాళ్ళు గమనించింది నిజమే. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చెమట బయటికి వచ్చే సన్నని దారులు మూసుకుపోయి చెమటకాయలు వస్తాయి. అక్కడ వేడి ఉన్నది బిడ్డ కడుపులో కాదు, బిడ్డ చుట్టూ. టోపీ, సాక్సులు తీసేసి, పల్చటి నూలు చొక్కా వేసి, ఫ్యాను గాలి తగలనిస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు తగ్గిపోతాయి.

కానీ పసిపిల్లల ఒంటి మీద కనిపించే ప్రతిదీ చెమటకాయ కాదు. పుట్టిన మొదటి రోజుల్లో దాదాపు సగం మంది పిల్లలకు ఎర్రటి మచ్చలు, మధ్యలో చిన్న తెల్ల పొక్కు కనిపిస్తాయి. ఏమీ చెయ్యకపోయినా వారం, రెండు వారాల్లో పోతాయి. ఎగ్జిమా వేరు: చర్మం పొడిబారి, గరుకై, విపరీతంగా దురద పెడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసమో, పొద్దున్నే తుమ్ములో ఉంటే పిల్లలకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మా పాపకు వచ్చింది ఇదే, అదీ డిసెంబరులో, గాలి బాగా పొడిగా ఉండే రోజుల్లో. ఇక నాలుగోది, ఏదో ఒకటి తగిలి చర్మం మండటం. ఇన్నిటికీ కలిపి ‘వేడి’ అని ఒక్క పేరు పెడితే అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది. ఈ మెసేజ్ మీద నాకున్న పెద్ద అభ్యంతరం అదే.

ఇక సున్నిపిండి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో గొడవ దీనితోనే మొదలైంది. పసిపిల్లల చర్మం పై పొర మన కంటే పల్చన, లోపలి తడి త్వరగా ఆరిపోతుంది. ఆ పొరే బిడ్డకు గోడ. బరకగా ఉండే పిండితో రుద్దితే ఆ గోడ గీరుకుపోతుంది. నూగు పోవాలని రుద్దుతారు గానీ, పుట్టినప్పుడు ఉండే ఆ నూగు కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది.

మా అత్తయ్య మోండా మార్కెట్‌లో ఒక్కో దినుసూ ఏరి కొని, ఎండబెట్టి, మర పట్టించి తెచ్చారు. పెసలు, శనగపప్పు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, గులాబీ రేకులు, బావంచాలు. ఎంత ప్రేమతో చేశారో నాకు తెలుసు. చర్మం డాక్టరు ఆ జాబితా వింటూ ‘బావంచాలు’ అనగానే ఆపమన్నారు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది పూసిన చర్మానికి ఎండ తగిలితే మామూలు కంటే ఎన్నో రెట్లు కందుతుంది, బొబ్బలు కూడా రావచ్చు. బొల్లి మచ్చలకు బావంచాలు పూసి ఎండ చూపించే పాత వైద్యం నడిచేది ఈ గుణం మీదే. మేము పాపకు సున్నిపిండితో లాల పోసి, నేరుగా బాల్కనీలో లేత ఎండలో పడుకోబెట్టేవాళ్ళం. ఏం చేస్తున్నామో మాకెవరికీ తెలియదు. దుకాణంలో కలిపి అమ్మే సున్నిపిండి పొట్లాం మీద దినుసులు రాసి ఉండకపోతే, అందులో ఏముందో మీకూ తెలియదు.

నూనెతో మర్దన చెయ్యడం మంచిదే, బిడ్డకు హాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి కొబ్బరినూనె చాలామందికి పడుతుంది. ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం చర్మపు పై పొరను బలహీనపరుస్తాయని పరిశోధనల్లో కనిపించింది కాబట్టి పొడిబారిన చర్మానికి వాటిని వద్దంటారు. చెమటకాయలు ఉన్నప్పుడు ఏ నూనైనా జిడ్డుగా నిలిచి, ఉన్న దారుల్ని ఇంకా మూసేస్తుంది. కాగిన నీళ్ళ సంగతి: మోచేయి ముంచి చూస్తే గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించి వద్దు. ఐదు పది నిమిషాల్లో లాల ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద ఇంకా కొద్ది తడి ఉండగానే వాసన లేని మాయిశ్చరైజరు పుయ్యాలి. ఖరీదైనదే కొననక్కర్లేదు, మామూలు పెట్రోలియం జెల్లీ చాలు. దద్దుర్లు లేని బిడ్డకు కూడా ముందు జాగ్రత్తగా పూస్తే ఎగ్జిమా రాకుండా ఆగుతుందని నేనూ అనుకున్నాను. బ్రిటన్‌లో దాదాపు 1,400 మంది పసిపిల్లల మీద జరిపి 2020లో ప్రకటించిన పరీక్షలో అలా ఆగలేదు. ఇది ఉన్న పొడిని తగ్గించే పూత, అంతవరకే.

సాంబ్రాణి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పొగ పొగే. నిప్పుల మీద గుగ్గిలం వేసినా, కప్పు సాంబ్రాణి వెలిగించినా, ఆ సన్నని పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తలుపులు మూసిన గదిలో మరీను. ఇల్లంతా వాసన కావాలంటే బిడ్డ లేని గదిలో వేసుకోండి. పౌడర్ కూడా అంతే: గాల్లో లేచి పీల్చుకుంటే ప్రమాదం, మడతల్లో చెమటతో కలిసి ముద్దకట్టి ఇంకా ఒరుసుకుంటుంది.

"తల్లి గుడ్డు, పల్లీలు, వంకాయ, పాలు మానెయ్యాలి." ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. అసలే కాన్పు తర్వాత పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో నెట్టుకొచ్చే తల్లికి ఉన్న కాస్త మాంసకృత్తులు కూడా తీసెయ్యమంటున్నారు. పాలిచ్చే తల్లి ఏవో మానేస్తే బిడ్డకు ఎగ్జిమా రాదనడానికి సరైన ఆధారం లేదు. కొద్దిమంది పిల్లలకు ఆవుపాలలోని ప్రొటీన్ పడదు. వాళ్ళకు దద్దుర్లతో పాటు విరేచనంలో రక్తపు జీర, వాంతులు, బరువు పెరగకపోవడం లాంటివి ఉండొచ్చు. అప్పుడు డాక్టరు చెప్పి, గడువు పెట్టి, తల్లి చేత పాలు మాన్పించి చూస్తారు, మళ్ళీ మొదలుపెట్టించి కూడా చూస్తారు. ఒకేసారి నాలుగు మానేస్తే ఏది కారణమో ఎప్పటికీ తేలదు.

పల్లీల విషయంలో అయితే కథ పూర్తిగా తిరగబడింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పిల్లలను నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య వయసులో తీసుకుని, సగం మందికి పల్లీ పదార్థాలు తినిపిస్తూ, సగం మందికి మాన్పించి ఐదేళ్ళ వయసు వరకు చూశారు. 2015లో ఫలితం వచ్చింది. తిన్న పిల్లల్లో పల్లీ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువ. నోటి ద్వారా చేరిన తిండిని ఒళ్ళు తనదిగా అలవాటు చేసుకుంటుందనీ, పగిలిన చర్మం ద్వారా చేరితే శత్రువుగా చూసే అవకాశం ఉందనీ ఇప్పుడు పరిశోధకుల అభిప్రాయం. దద్దుర్ల మీద శనగపిండి, వేరుశనగ నూనె రుద్దవద్దనడానికి ఇదొక కారణం. బిడ్డకు ఎగ్జిమా ఎక్కువగా ఉంటే మాత్రం పల్లీ మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగండి. గింజలు గింజలుగా ఎప్పుడూ పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి.

"స్టెరాయిడ్ల జోలికి పోవద్దు" అన్న మాటలో సగం నిజం ఉంది, అందుకే ఇది ఎక్కువ హాని చేస్తుంది. నిజమైన సగం: మన వీధి మెడికల్ షాపుల్లో ‘తామరకి ఏదైనా ఇవ్వండి’ అంటే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో మూడు మందులు కలిసి ఉంటాయి. ఒకటి ఫంగస్‌కి, ఒకటి బ్యాక్టీరియాకి, మూడోది క్లోబెటసాల్ లాంటి చాలా గాఢమైన స్టెరాయిడ్. పూసిన రెండో రోజుకే ఎరుపు తగ్గుతుంది కాబట్టి మంచి మందు అనిపిస్తుంది. ఆపగానే రెట్టింపుగా వస్తుంది, చర్మం పల్చబడుతుంది. డైపర్ కింద పూస్తే ఇంకా ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. మనం చీటీ లేకుండా అడగడం మానాలి.

అబద్ధమైన సగం: అన్ని స్టెరాయిడ్లూ ఒకటే అనడం. పిల్లల బుగ్గలకు డాక్టర్లు సాధారణంగా రాసేది ఒక శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటిది, కొద్ది రోజులకు. పెద్దవాళ్ళ చూపుడు వేలి చివరి గణుపు పొడవున పిండిన క్రీము, వేళ్ళతో కలిపి పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. నేను భయపడి డాక్టరు రాసిన ట్యూబును మూడు వారాలు బీరువాలో పెట్టాను. ఆ మూడు వారాలూ పాప గోకి గోకి ఒక చోట చీము పట్టింది. వాడాక నాలుగో రాత్రి కదలకుండా నిద్రపోయింది. ఆ రాత్రి నేను దాని పక్కన కూర్చుని ఏడ్చాను.

"సహజమైనదేదీ హాని చెయ్యదు" అన్నదానికి బావంచాల ఉదాహరణే చాలు. అలాగే ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే కదా అని మనం ఆలోచించని వాటిలో ఒకటి మాత్రం తప్పకుండా చెప్పాలి. అక్క పిల్లల పాత బట్టలు, ఉయ్యాల దుప్పట్లు ట్రంకు పెట్టెలోంచి తీసి వేస్తాం. వాటిలో కలరా ఉండలు ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకు ఆ నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఆ బట్టలు ఉతికి, ఎండలో బాగా ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వెయ్యాలి.

మరి మా పాప చర్మానికి పడనిదేమిటో ఎలా తెలిసింది? డాక్టరు చెప్పింది ఒక్కటే: "కొత్తగా ఏదీ పుయ్యకండి, ఒక్కోటి తీసేస్తూ రండి. ఎక్కడ ఉందో చూడండి." మెడ మడతల్లో ఎరుపుంటే కారిన పాలు, చెమట. డైపర్ చోట మడతలు వదిలి పైకి ఉబ్బిన భాగాల్లో ఉంటే తడి ఒరుపు. మడతల్లోనే ఎర్రగా ఉండి చుట్టూ చిన్న చిన్న చుక్కలుంటే ఫంగస్ కావచ్చు. గడ్డం, పెదాల చుట్టూ ఉంటే చొంగ, టమాటా లాంటి పులుపు. నేను రోజూ ఉదయం అదే కిటికీ దగ్గర ఫోన్‌లో ఫోటో తీశాను. వారానికి ఒక్క మార్పు, అంతకు మించి చెయ్యలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు, మిగతాది బోరు, ట్యాంకరు. అందరూ బోరు నీళ్ళనే అనుమానించారు. నీళ్ళలో కాఠిన్యం తగ్గించే మెషీన్ (వాటర్ సాఫ్ట్‌నర్) కొనబోయాం కూడా. ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల ఇళ్ళలో అలాంటి మెషీన్లతో ఇంగ్లండ్‌లో చేసిన పరీక్ష 2011లో వెలువడింది, జబ్బు తగ్గలేదు. ఉప్పునీళ్ళలో సబ్బు సరిగ్గా వదలదు కాబట్టి బట్టలు మాత్రం ఇంకోసారి జాడించడం మొదలుపెట్టాం.

ఫోటోలు వరసగా చూస్తే మూడో వారంలో కనిపించింది. ఎడమ బుగ్గ ఎప్పుడూ కుడి బుగ్గ కంటే ఎర్రగా ఉంది. పాపను నేను కుడి భుజం మీదే వేసుకుంటాను, దాని ఎడమ బుగ్గ నా చున్నీకి ఆనుతుంది. పాప బట్టలు విడిగా ఉతుకుతున్నాను గానీ, నా బట్టలకు చివరి జాడింపులో సువాసన లిక్విడ్ వేస్తూనే ఉన్నాను. అది మానేశాక పది రోజులకు రెండు బుగ్గలూ ఒకేలా అయ్యాయి. ఎగ్జిమా పూర్తిగా పోలేదు, ఇప్పటికీ చలికాలంలో మోకాళ్ళ వెనక తిరగబెడుతుంది, కానీ బుగ్గలు మళ్ళీ అలా కాలేదు.

తేనె రంగు పక్కులు కట్టినా, చీము పట్టినా, గుంపుగా చిన్న నీటి పొక్కులు లేచినా, దద్దుర్లతో పాటు జ్వరం వచ్చినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా ఏదీ పుయ్యకుండా ఆ రోజే తీసుకెళ్ళండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమైతే ఆ గంటే. ప్రైవేటుకు వెళ్ళలేనివాళ్ళకు రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది.

ఇంకొక్కటి మిగిలింది. పాప కుడి చీలమండ చుట్టూ గీత గీసినట్టు ఎరుపు ఉండేది. దిష్టికి కట్టిన నల్లతాడు లాల పోసినప్పుడల్లా తడిసి, ఆరకుండా, రంగు దిగుతూ ఉండేది. తీసెయ్యమని అడగడానికి నేను వారం రోజులు తటపటాయించాను. ఫోటోలు చూపించగానే అత్తయ్య ఏమీ అనలేదు. తనే కత్తెర తెచ్చి తాడు తీసి, దాన్ని ఉయ్యాల గొలుసుకు కట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.