సవరణ: సోషియాలజీ వద్దని నేను అనలేదు

"ఏఐ వచ్చాక ఒక్క సోషియాలజీ డిగ్రీతో ఉద్యోగం కష్టం" అని మొన్నటి పోస్టులో రాశాను. దాన్ని "ఆ గ్రూపు తీసుకోవద్దు" అని చాలామంది అర్థం చేసుకున్నారు. హన్మకొండ నుంచి ఒక తండ్రి, దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లలో కూతురి గ్రూపు మార్పించాలా అని అడిగారు. వద్దు సార్, అమ్మాయికి ఇష్టమైతే ఉంచండి.

నేను "కష్టం" అన్నది ఇంటర్వ్యూలు టైపు చేయడం, జవాబులను వర్గాలుగా విడదీయడం, రిపోర్టు మొదటి డ్రాఫ్టు రాయడం లాంటి పనుల గురించి. కొత్తగా చేరినవాళ్లకు ముందు ఇచ్చేవి ఇవే. వీటిలో చాలా భాగం ఇప్పుడు ఏఐ చేసేస్తుంది.

కానీ వరంగల్ కొత్తవాడలో దరీలు నేసే ఇంటికి వెళ్లి ఆదాయం అడిగితే, జవాబు భర్త చెప్పాడా, భార్య చెప్పిందా, పక్కన మాస్టర్ వీవర్ (నూలు ఇచ్చి కూలికి నేయించుకునే ఆసామి) నిలబడి ఉన్నాడా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఆ తేడా పట్టుకోవడమే ఈ చదువు నేర్పే అసలు పని. ఎవరూ రాసుకోని విషయాన్ని ఏఐ ఎక్కడి నుంచి తెస్తుంది? 2024 నవంబరులో తెలంగాణలో మొదలైన కులగణనలో కూడా ఇంటింటికీ మనుషులే తిరిగారు.

పోటీ పరీక్షల సంగతి అప్పుడు రాయలేదు, ఇప్పుడు కలుపుతున్నా. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో భారతీయ సమాజం ఒక పేపర్‌లో భాగం. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌కు 500 మార్కులు.

డిగ్రీతో పాటు స్టాటిస్టిక్స్, ఎక్సెల్ నేర్చుకోవాలని మొన్నటి పోస్టులో అన్న మాటను మాత్రం మార్చడం లేదు. మొదటి సంవత్సరం నుంచే మొదలుపెట్టించండి.